పసుపు మూత సీసా

అయినా ఈ సీటు బెల్టు కనిపెట్టినవాడికి రొమ్ములో నొప్పి ఏనాడూ వచ్చి ఉండదు, వచ్చుంటే పట్టీని సరిగ్గా అక్కడి మీదుగానే పోనిచ్చేవాడు కాదు, అనుకుంటూ సాంబశివరావు బొటనవేలు పట్టీ కిందికి దూర్చి చొక్కాకి తగలకుండా కాస్త ఎత్తి పట్టుకున్నాడు, రోడ్డు మీద గుంట వచ్చినప్పుడల్లా కారు ఎగిరి, వేలు జారి, పట్టీ కుడి చనుమొన మీదే పడుతోంది, పడినప్పుడల్లా రేగ్గింజంత గట్టిది ఒకటి లోపల్నించి నేనున్నానని చెబుతోంది, మంచు పోతా పోతా రోడ్లన్నీ తినేసి పోయింది నాన్నా, ఈ ట్రాయ్ ఊళ్ళో ప్రతి మార్చిలోనూ ఇదే గొడవ, అంటున్నాడు కొడుకు ఫణికుమార్ స్టీరింగ్ తిప్పుతూ, శనివారం జిమ్ముకి వెళ్ళేటప్పుడు వాడి గొంతు వేరే ఉంటుంది, మిగతా వారమంతా మీటింగుల్లో అరిగిపోయిన గొంతు, ఊఁ అన్నాడు సాంబశివరావు, మావయ్యగారి ఊఁ ఒకటే గానీ అర్థాలు నాలుగు అని కోడలు ఇంద్రజ నవ్వుతుంది, నవ్వితే నవ్వింది, దుగ్గిరాల పసుపు యార్డులో వయసంతా హమాలీగా బస్తాలు మోసినవాడికి మాటలెక్కడివి, వీపు మీద బస్తా ఉండగా నోరు తెరిస్తే ఊపిరి పోతుంది, ఊపిరి పోతే నడుం పోతుంది, మూడో క్లాసులో బడి మానేసిన రోజున పలక ఎక్కడ పెట్టాడో మాటలు కూడా అక్కడే పెట్టి మర్చిపోయినట్టున్నాడు, ఇంట్లో ఇద్దరి మాటలూ భార్య మీనాక్షే మాట్లాడేది, మీ చొక్కా నానబెడితే బకెట్టు నిండా పెళ్ళికూతురి నీళ్ళండీ, ఇన్నేళ్ళ నుంచీ నాకు రోజూ మంగళస్నానమే, అని ఎకసెక్కాలాడేది, కందిపప్పు ధర దగ్గర్నించి పక్కింటి వాళ్ళ పిల్లి ఈనడం దాకా అన్నీ చెప్పేది, ఆ ఒక్కటీ తప్ప, పసుపు సీజను మొదట్లో గడ్డ చేతికి తగిలిందట, సీజనంతా అయిపోయి యార్డు ఊడ్చేదాకా చెప్పలేదు, ఏమే, ఎన్నాళ్ళ నుంచే అంటే తల వంచుకుని, ఎట్టా చెప్పేదండీ, అక్కడ అని ఏ నోటితో చెప్పేది అంది, గుంటూరులో డాక్టరు కాయితాలు పక్కన పెట్టి కొంచెం ముందు తీసుకురావాల్సిందయ్యా అన్నాడు, ఆ కొంచెం ఎంతో ఈ రోజుకీ సాంబశివరావుకి తెలీదు, ఇప్పుడు అదే గడ్డ, అదే చోట, మగాడికి వస్తుందా ఇది, వస్తుందేమో, ఒకే కంచంలో తిని ఒకే మంచం మీద పడుకున్నవాళ్ళం, నాకెందుకు రాకూడదు, ఎవర్నడగాలి, కోడలి ముందు నిలబడి చొక్కా బొత్తాం తీస్తాడా, తిరుగు టికెట్టు మే నెలకుంది, ఊరికెళ్ళాక చూసుకోవచ్చు, అనుకున్నాడు, అనుకున్న మరుక్షణం గుర్తొచ్చింది, సీజనయ్యాక చూసుకోవచ్చు అనే కదా మీనాక్షీ అనుకుంది, అటు నుంచి మనసు మళ్ళించుకోవడానికి కొడుకు వైపు తిరిగాడు, వాడు ఒంటి చేత్తో డ్రైవ్ చేస్తున్నాడు, రెండో చేతి బొటనవేలు ఎడమ భుజం మీంచి దిగిన పట్టీ కింద దూర్చి ఉంది, అచ్చం తనలాగే, చూడు, వీడికి నడకొక్కటే నాదనుకున్నాను, కూర్చోవడం కూడా నాదే వచ్చింది, అనుకుని కాస్త మురిసిపోయాడు కూడా.

జిమ్ము తలుపు తీయగానే రబ్బరు వాసన, ఇనుము మోత, ఎవడో తెల్లాయన సింహంలాగా గర్జిస్తూ బరువు కింద పడేయడం, మొదటిసారి వచ్చినప్పుడు సాంబశివరావు అరగంట నిలబడి చూశాడు, ఎత్తింది ఎక్కడికీ మోసుకుపోరు, ఎత్తిన చోటే దించుతారు, మళ్ళీ అదే ఎత్తుతారు, దీనికి ఎవడూ కూలి ఇవ్వడు, పైగా వీళ్ళే ఎదురు డబ్బిస్తారు, మా మేస్త్రి గనక చూస్తే గుండె ఆగి పోతాడు, అని మనసులో అనుకుని పైకి ఊఁ అన్నాడు, కానీ ఒకటి ఒప్పుకోవాలి, వచ్చిన కొత్తలో సోఫాలోంచి లేవాలంటే రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, అమ్మో అనుకుని లేచేవాడు, ఇంట్లో కూర్చుని కూర్చుని చలికి కొయ్యబారిపోయిన కాళ్ళు, అలాంటిది కొడుకు పక్కన నిలబడి, కూర్చో నాన్నా, లే నాన్నా, మళ్ళీ కూర్చో, ఇదిగో ఈ చిన్న డంబెల్ పట్టుకో, అని ఓపిగ్గా చేయించగా చేయించగా సంక్రాంతి దాటేసరికి మేడమెట్లు గోడ పట్టుకోకుండా ఎక్కాడు, మనవరాలు మైత్రి మెట్ల మీద చప్పట్లు కొట్టింది, థాథా యు ఆర్ సో స్ట్రాంగ్, అంది, దానికి త పలకదు, థ పలుకుతుంది, ఆ బలమంతా కోడలు ఇచ్చిన విటమిను బిళ్ళలదే అని సాంబశివరావు గట్టిగా నమ్మాడు, పసుపు మూత సీసా మీది మావయ్యగారూ, పొద్దున టిఫినయ్యాక ఒకటి, అని చూపించింది ఇంద్రజ, మూత రంగు చెప్పింది గనక సరిపోయింది, ఆ ఇంట్లో ఏ డబ్బాలో ఉండాల్సింది ఆ డబ్బాలో ఉండదు, ఐస్‌క్రీం డబ్బా తీస్తే దోసావకాయ, జీడిపప్పు డబ్బాలో కందిపప్పు, కాఫీ సీసాలో మెంతులు, చదువొచ్చినవాళ్ళే మూత తీసి వాసన చూసుకోవాలి, సాంబశివరావుకి ఇంగ్లీషు అక్షరాలు ఎలాగూ రావు, రంగులు వచ్చు, సీసా అయిపోయిన రోజున కోడలికి చెప్పడం ఎందుకు, మళ్ళీ షాపుకి పరిగెత్తుతుంది అని సామాన్ల గదిలో వెతికితే బాస్మతి సంచి వెనకాల అలాంటిదే ఇంకో సీసా, అదే పసుపు మూత, నిండుగా ఉంది, లోపల బిళ్ళలు మాత్రం మారాయి, ముందువి పచ్చగా ఉండేవి, ఇవి గొట్టాలు, సగం ఎరుపు సగం నలుపు, గురివింద గింజల్లాగా, కంపెనీ వాళ్ళు మార్చి ఉంటారులే అనుకుని ఆ రోజు నుంచీ గురివింద గింజే మింగుతున్నాడు, విటమిన్లు ఉన్నాయా మావయ్యగారూ అంటే ఊఁ అన్నాడు, అది ఉన్నాయనే ఊఁ, ఇవాళ జిమ్ములోకి రాగానే, ఏం అంకుల్, డంబెల్ సైజు పెరిగిందే, వచ్చే నెల పోటీలకి పేరిచ్చేయమంటారా, అంటూ భాస్కర్ భుజం మీద చెయ్యేశాడు, ఫణికుమార్ ఆఫీసు స్నేహితుడు, మెడ లేకుండా తల నేరుగా భుజాల మీద పెట్టినట్టుంటాడు, నీతోనే పోటీ అయితే ఇచ్చెయ్ అన్నాడు సాంబశివరావు, అబ్బో, అంకుల్ ఇవాళ మాట్లాడారురోయ్, అని భాస్కర్ జిమ్మంతా వినపడేలా నవ్వాడు, తనూ నవ్వబోయాడు, నవ్వుకి ఛాతీ కదిలి, చొక్కా లోపల అంటించుకున్న బ్యాండ్‌ఎయిడ్ అంచు చుర్రుమని లాగింది, మైత్రి సొరుగులోది, గులాబి రంగు మీద వెండి నక్షత్రాలు, ఒరుసుకుపోకుండా రోజూ ఒకటి దొంగతనంగా తెచ్చుకుని అంటించుకుంటున్నాడు, నా బ్యాండ్‌ఎయిడ్స్ ఎవరు స్టీల్ చేస్తున్నారు అని ఆ పిల్ల నిన్ననే పంచాయితీ పెట్టింది, తను తీసిన లెక్క కంటే డబ్బా తొందరగా ఖాళీ అవుతోందేమిటా అని తనకీ అనుమానం వచ్చింది గానీ దొంగకి అనుమానం అడిగే హక్కెక్కడిది.

ఫణికుమార్ బల్ల మీద వెల్లకిలా పడుకున్నాడు, పైన ఇనుప కమ్మీ, రెండు చివర్లా చక్రాలు, తల దగ్గర భాస్కర్ నిలబడ్డాడు, రెండు చేతుల్తో కమ్మీ దించి గుండెకి తాకించి పైకి నెట్టాలి, ఆ పని సాంబశివరావుకి చూడ్డం ఇష్టం, కొడుకు చేతుల మీద నరాలు పసుపు కొమ్ముల్లాగా తేలుతాయి, వీడు నా కొడుకు అనిపిస్తుంది అప్పుడే, కీబోర్డు ముందు కూర్చున్నప్పుడు అనిపించదు, కానీ ఇవాళ కమ్మీ గుండె దాకా రావడం లేదు, జానెడు దూరంలోనే ఆగి పైకి పోతోంది, మళ్ళీ దిగుతోంది, మళ్ళీ జానెడు పైనే ఆగుతోంది, ఏంట్రా సగం సగం, చెస్ట్‌కి టచ్ చెయ్, నాన్నగారు చూస్తున్నారు, అంటున్నాడు భాస్కర్, అంటూనే పక్కవాడెవడో హాయ్ అంటే తల తిప్పాడు, కొడుకు చేతులు కిందికొచ్చాయి, చంకల దగ్గర వదులుగా ఉన్న బనీను పక్కకి జరిగింది, ఎడమ రొమ్ము మీద, గులాబి రంగు మీద, వెండి నక్షత్రాలు, సాంబశివరావు చూశాడు, ముందు నవ్వొచ్చింది, ఓరి దొంగా, రెండో దొంగవి నువ్వా, తర్వాత ఆ నవ్వు గొంతులోనే ఆగిపోయింది, అదే చోట, అదే అతుకు, కారులో అదే బొటనవేలు, వీడికీనా, మీనాక్షి నుంచి నాకు, నా నుంచి వీడికా, వాడికి నలభై నిండలేదు, మైత్రికి ఎనిమిదేళ్ళు, అనుకుంటుండగానే కమ్మీ సరిగ్గా ఆ నక్షత్రాల మీద దిగింది, కొడుకు మొహం పచ్చిమిరప కొరికినట్టు ముడుచుకుపోయింది, ఎడమ మోచెయ్యి వదిలేసింది, చక్రం ఒక పక్కకి ఒరిగింది, వాడు పెదాలు బిగించాడు, అరవడం లేదు, చచ్చినా అరిచేలా లేడు, యార్డులో లారీకి చెక్క వేసి నలుగురం వరసగా బస్తాలతో ఎక్కేవాళ్ళం, చెక్క మీద మాట్లాడకూడదు, ఒక్క మాట మాత్రం అనొచ్చు, కాలు జారినా నడుం పట్టినా ముందున్నవాడు పోతంది అని గట్టిగా అరవాలి, అరిచి బస్తా వదిలేయాలి, వెనకవాళ్ళు పక్కకి దూకేస్తారు, బస్తా చిరిగి కొమ్ములు నేలపాలైతే అవుతాయి, మేస్త్రి తిడితే తిడతాడు, ఒకడు సిగ్గుపడి అరవలేదు, బలహీనుడనుకుంటారని పళ్ళు బిగబట్టుకుని ఇంకో అడుగు వేశాడు, వెనకవాడి కాలు విరిగింది, అరిచినవాడిని చూసి ఎవడూ నవ్వింది లేదు, పోతందీ, అని అరిచాడు సాంబశివరావు, ఎన్నేళ్ళయిందో అలా అరిచి, అద్దాలు అదిరాయి, గర్జించే తెల్లాయన కూడా నోరు మూసుకున్నాడు, అరుస్తూనే కమ్మీ కిందికి రెండు చేతులూ పెట్టేశాడు, భాస్కర్ ఉలిక్కిపడి రెండో వైపు అందుకున్నాడు, ఇద్దరూ కలిసి దాన్ని కొక్కేల మీద పెట్టారు, సారీ అంకుల్, సారీ రా, ఒక్క సెకను అటు చూశాను, అంటున్నాడు భాస్కర్, కొడుకు లేచి కూర్చుని బనీను సర్దుకుంటున్నాడు, నోరుందిగా, అరవడానికేం రా నీకు, అన్నాడు సాంబశివరావు, అన్నాక, ఆ మాట ఎవరితో అన్నాడో తనకే సందేహం వచ్చింది.

కారులో కూర్చున్నారు గానీ కారు కదల్లేదు, ఎదురుగా పార్కింగులో మంచు కుప్ప ఒకటి నల్లగా మట్టికొట్టుకుని కరుగుతోంది, దాని కింద నుంచి సన్నగా నీళ్ళు దారి చేసుకుంటున్నాయి, ఎన్నాళ్ళ నుంచి రా అన్నాడు సాంబశివరావు, ఏది నాన్నా అన్నాడు కొడుకు, అతుకు, అన్నాడు, వాడి చెవులు ఎర్రబడ్డాయి, ఏం లేదు నాన్నా, బరువులెత్తితే ఒరుసుకుంటుంది, అందరికీ ఉంటుంది, అని అటు తిరిగాడు, మాట్లాడేదానికంటే చూపించడం తేలిక అనుకుని సాంబశివరావు చొక్కా పై బొత్తాలు రెండు తీసి పక్కకి లాగాడు, మరి నేనెన్ని బరువులెత్తానని, అన్నాడు, కొడుకు ఆ గులాబి రంగు వంక, నక్షత్రాల వంక, తండ్రి మొహం వంక చూశాడు, నవ్వాలో ఏడవాలో తెలీక, నాన్నా, నీకెలా, నువ్వు, అని నత్తి కొట్టాడు, గడ్డలాగా ఉందా, ముట్టుకుంటే సలుపుతోందా, అన్నాడు సాంబశివరావు, ఊఁ అన్నాడు కొడుకు, అమ్మకి అలాగే మొదలైంది, అన్నాడు సాంబశివరావు, వాడు చప్పున చెయ్యి పట్టుకున్నాడు, కాదు నాన్నా, నాది అది కాదు, నాకు తెలుసు ఇది ఎందుకొచ్చిందో, కానీ నీకెందుకొస్తుంది, అంటూ అప్పుడు చెప్పాడు, వాక్యానికీ వాక్యానికీ మధ్య స్టీరింగు గీరుకుంటూ, పోయినేడు జిమ్ములో చేరానా, భాస్కర్ వాడుతున్నానన్నాడు, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ప్రోహార్మోన్ అంటారు, లోపలికెళ్ళి మగ హార్మోను అవుతుందట, నేచురల్ అని రాసుంది, తొందరగా కండ వస్తుందని తెప్పించాను, ఇంద్రజకి ఈ డబ్బాలంటే మంట, కిచెన్‌లో ఇంకొకటి కనపడితే గార్బేజ్‌లో వేస్తానంది, అందుకని వేరే సీసాలో పోసి దాచాను, కండకి బదులు ఇదొచ్చింది, పోయిన వారం బ్లడ్ టెస్టు రిపోర్టులో మంచి కొలెస్ట్రాల్ పడిపోయింది, ఒంట్లో తయారవ్వాల్సిన మగ హార్మోను తగ్గింది, ఆడ హార్మోను పెరిగింది, మింగినదాంట్లో కొంత అటు తిరిగిపోతుందట, డాక్టరు ఫోన్ చెయ్యమని మెసేజ్ పెట్టింది, చెయ్యలేదు, ఏమని చెప్పను, మగతనానికి మందు మింగితే రొమ్ములొచ్చాయని చెప్పనా, ఇంద్రజకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా, సాంబశివరావు అంతా విని, ఏ సీసాలో పోశావురా అన్నాడు నెమ్మదిగా, పాత విటమిను సీసా నాన్నా, పసుపు మూత, బాస్మతి సంచి వెనక పెట్టాను, ఈ మధ్య తొందరగా అయిపోతోంది, ఎక్కువ వేసుకుంటున్నానేమోనని భయం వేసింది, సగం ఎరుపు సగం నలుపు, అన్నాడు సాంబశివరావు, గురివింద గింజల్లాగా, కొడుకు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి, ఏడుస్తున్నాడనుకుని వీపు మీద చెయ్యేస్తే వాడు నవ్వుతున్నాడు, ఏడుస్తూ నవ్వుతున్నాడు, నా మగతనం నువ్వు మింగావా నాన్నా, అంటున్నాడు, నీ దగ్గర పనిచెయ్యనిది నా దగ్గరేం పనిచేస్తుందిరా అన్నాడు సాంబశివరావు, ఇద్దరూ ఛాతీ పట్టుకుని నవ్వారు, నవ్వితే ఇద్దరికీ నొప్పే, మరైతే ఇది పోతుందా, నవ్వాగాక అడిగాడు, మానేస్తే చాలామందికి మళ్ళీ సర్దుకుంటుందట నాన్నా, బయటి నుంచి వస్తుంటే ఒళ్ళు తన పని ఆపేసి కూర్చుంటుందట, ఆపితే కొన్నాళ్ళకి మళ్ళీ మొదలుపెడుతుందట, అన్నాడు వాడు, అది సాంబశివరావుకి వెంటనే అర్థమైంది, వ్యాపారి బయటి ఊరి కూలీల్ని దింపితే యార్డు ముఠా ఇంటికెళ్ళి పడుకునేది, వాళ్ళు వెళ్ళిపోయాక కబురు పెడితే ఒక్కొక్కళ్ళే కండువా దులుపుకుంటూ వచ్చేవాళ్ళు, కానీ నీ వయసులో అదే అనుకుని ఊరుకోకూడదు నాన్నా, డాక్టరు చూడాలి, సోమవారమే తీసుకెళ్తాను, నాది కూడా చూపిస్తాను, మరి బరువులు మానాలా, అన్నాడు సాంబశివరావు బెంగగా, బరువులెందుకు మానడం, కాళ్ళు బాగయింది వాటి వల్లేగా, అన్నాడు కొడుకు, అన్నాక, తను అన్నదేమిటో తనే విన్నట్టు ఆగిపోయాడు, నాక్కూడా ఏదన్నా వచ్చుంటే వాటి వల్లే వచ్చుంటుంది, దాన్ని మింగకముందే మెట్లు ఎక్కుతున్నావు నువ్వు, అన్నాడు చిన్న గొంతుతో, అవును, గోడ వదిలేసి మెట్లెక్కినప్పుడు సీసాలో ఇంకా పచ్చ బిళ్ళలే ఉన్నాయి, ఎత్తి దించి ఎత్తి దించి సంపాదించుకున్న బలం ఇది, గొట్టాలు ఊరికే పేరు కొట్టేశాయి.

కారు రోడ్డెక్కింది, ఇంద్రజకి నేను నిదానంగా చెబుతాను నాన్నా, ఇవాళ కాదు, మూడ్ చూసి, అంటున్నాడు కొడుకు, సాంబశివరావు పట్టీ కింద బొటనవేలు పెట్టుకుని ఊఁ అనబోయాడు, ఇది ఏ రకం ఊఁ, సరేనా, తర్వాత చూద్దామా, సీజనయ్యాకనా, వీడు చెక్క మీద పళ్ళు బిగబట్టుకుని ఇంకో అడుగు వేస్తానంటున్నాడు, వీడి వెనక భాస్కర్ ఉన్నాడు, ఇంకెవరున్నారో, వీడికి ముందు ఎవరున్నారు, నేనున్నాను, ముందున్నవాడు కదా అరవాల్సింది, ఫోన్ కలుపు అన్నాడు, ఎవరికి నాన్నా, కోడలికి, నాన్నా ప్లీజ్, ఇప్పుడు కాదు, కలపరా, కారులో ఫోను మోగుతోంది, ఒకసారి, రెండోసారి, ఏంటి ఫణీ, వచ్చేస్తున్నారా, ఉప్మాలోకి నిమ్మకాయ పిండనా, ఇంద్రజ గొంతు కారు నాలుగు మూలల్నించీ వస్తోంది, మామగారు కోడలితో అనే మాట కాదిది, వాళ్ళ వంశంలో ఎవరూ ఎవరితోనూ అనని మాట, అమ్మా ఇంద్రజా, నాకు రొమ్ములో గడ్డ తగులుతోందమ్మా, అన్నాడు, ఒక్క ఊపిరిలో, బస్తా వదిలేసినట్టు వదిలేశాడు, అటు నుంచి పొయ్యి కట్టేసిన చప్పుడు, మావయ్యగారూ, ఎన్నాళ్ళ నుంచి, అంది ఆ పిల్ల, గొంతులో వెక్కిరింపు లేదు, సిగ్గు లేదు, భయం ఉంది, దాని వెనకే పని ఉంది, చెప్పి చాలా మంచి పని చేశారు, మన డాక్టర్ నమ్రతకి ఇప్పుడే మెసేజ్ పెడతాను, ఫణి వింటున్నాడా, వింటున్నాను ఇందూ, అన్నాడు కొడుకు, నాకూ ఉంది, ఇద్దరికీ ఒకే సీసా, ఇంటికొచ్చి చెబుతాను, కాదు, ఇప్పుడే చెబుతాను, తిట్టు గానీ ఫోన్ పెట్టకు, అని మొదలుపెట్టాడు, వెనక నుంచి మైత్రి, సో థాథా టుక్ మై బ్యాండ్‌ఎయిడ్స్, అని అరుస్తోంది, ఇంద్రజ తిడుతోంది, బాగా తిడుతోంది, మధ్యమధ్య మావయ్యగారూ మిమ్మల్ని కాదు అంటోంది, ఆ తిట్లు వింటుంటే సాంబశివరావుకి ప్రాణం లేచొస్తోంది, చెప్పుంటే ఇట్లాగే తిట్టేవాణ్ణి కదా నేనూ, తిట్టి, చెయ్యి పట్టుకుని ఆ పూటే గుంటూరు బస్సెక్కించేవాణ్ణి కదా, ఎందుకు చెప్పలేదే మీనాక్షీ, సిగ్గేనా, అన్ని ఏళ్ళూ సిగ్గే అనుకున్నాడు, కానీ సిగ్గుని దాటడానికి తనకిప్పుడు ఎంతసేపు పట్టింది, ఫోను రెండుసార్లు మోగినంతసేపు, మీనాక్షి ఎన్నిసార్లు తన ఎదురుగా వచ్చి నిలబడి, అన్నం పెట్టనా అని మాత్రం అడిగి వెళ్ళిపోయిందో, సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, గోడకానుకుని, ఊఁ అంటూ కూర్చున్నవాడిని చూసి ఏమనుకుందో, ఏముంది అనుకోవడానికి, బస్తా కింద ఉన్నవాణ్ణి పలకరించకూడదని హమాలీ పెళ్ళానికి ఎవరూ నేర్పక్కర్లేదు, యార్డులో దించి వచ్చాననుకున్నాడు రోజూ, దించలేదు, ఇంట్లోకి కూడా మోసుకొచ్చాడు, ఆ బస్తా మీనాక్షికి కనపడింది, తనకి కనపడలేదు, సాంబశివరావు బొటనవేలు పట్టీ కింద నుంచి తీసేసి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు, గుంట వచ్చింది, కారు ఎగిరింది, పట్టీ అక్కడే పడింది, నొప్పి నొప్పిగానే ఉంది, వీపు మీద మాత్రం ఏమీ లేదు.